గుండె ఆపరేషన్లో మత్తు డాక్టర్ మీదికి కేసు ఎక్కడి నుంచి వస్తుంది?

డాక్టర్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కార్డియాక్ అనస్థీషియాలో, అంటే గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే విద్యలో, మీ శిక్షణ ఈ మధ్యే పూర్తయింది. హనుమకొండలో కొత్తగా ఓపెన్ హార్ట్ ఆపరేషన్లు మొదలుపెడుతున్న ఒక ప్రైవేటు ఆసుపత్రి మిమ్మల్ని పిలిచింది, జీతం మీద కాదు, కేసుకు ఇంత అని. కన్సెంట్ (పేషెంట్ ఒప్పుదల) సర్జన్ గారే తీసుకుంటారన్నారు. పేషెంట్ పంప్ మీద (గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషీన్ మీద) ఉన్న గంటన్నరలో పక్క ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) చిన్న కేసు ఏదైనా ఉంటే చూసుకోవచ్చన్నారు. ఏదైనా జరిగితే ఆసుపత్రి చూసుకుంటుందన్నారు. చట్టం ప్రకారం నా మీదికి ఎంతవరకు వస్తుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి అని మీరు అడిగారు.

ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా ఒప్పుకోకండి. వరంగల్‌లో ఇరవై ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. వేరే డాక్టర్ల మీద పడిన కేసుల్లో అభిప్రాయం చెప్పమంటే కేస్ షీట్లు ముందేసుకుని కూర్చున్న రోజులూ ఉన్నాయి. అక్కడ నేను చూసింది ఒకటే. డాక్టర్‌కు తెలివి తక్కువై ఓడిపోయిన కేసులు తక్కువ. ఆ నిమిషంలో గదిలో లేకపోవడం వల్లో, ఉండి కూడా రాయకపోవడం వల్లో ఓడిపోయినవే ఎక్కువ.

ముందు చట్టం సంగతి చెప్తాను. కేసు మూడు దారుల్లో వస్తుంది. వినియోగదారుల కమిషన్‌లో నష్టపరిహారం అడగవచ్చు, పోలీసుల దగ్గర క్రిమినల్ కేసు పెట్టవచ్చు, మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఒకే ఘటన మీద మూడూ నడవవచ్చు కూడా.

వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. ఆరోగ్యశ్రీ పేషెంట్ చేతి నుంచి పైసా కట్టలేదు కదా, ఆయన కేసు ఎలా వేస్తాడని మనవాళ్లు కొందరు ఇప్పటికీ అనుకుంటారు. అది పొరపాటు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో, ఉచితంగా చేయించుకున్నవాళ్లకు కూడా ఆ హక్కు ఉంటుందని ఆ తీర్పే చెప్పింది. పేషెంట్ బదులు ఇంకొకరు డబ్బు కట్టినా అంతే. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

క్రిమినల్ వైపు పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 304ఏ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 106(1) వచ్చింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే మామూలుగా అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. చికిత్స చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టర్‌కు రెండేళ్ల దాకా, దాంతోపాటు జరిమానా. ఇక్కడ మనకు అండగా ఉన్నది 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు. ఆ కేసులో అసలు ఏం జరిగిందో మన మత్తు డాక్టర్లలో చాలామందికి తెలియదు. ఊపిరాడని పేషెంట్‌కు తగిలించిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీది. అంటే అది మన వృత్తి గుండెకాయ లాంటి విషయం. డాక్టర్‌ను జైలుకు పంపాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని కోర్టు అంది. పోలీసులు ముందుగా అదే విభాగంలో ఉన్న మరో డాక్టర్, వీలైతే ప్రభుత్వ డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలనీ, ఎఫ్ఐఆర్ పడగానే అరెస్టు చేసేయకూడదనీ చెప్పింది. డాక్టర్ జేకబ్ మాథ్యూ మీద క్రిమినల్ కేసు కొట్టేసింది. ఆసుపత్రి నష్టపరిహారం కట్టాలా అన్న ప్రశ్నను మాత్రం మూసేయలేదు. ఆ తేడా గుర్తుపెట్టుకోండి. జైలు తప్పితే డబ్బు కూడా తప్పినట్టు కాదు.

మీ పనిని ఎవరితో పోల్చి చూస్తారన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. కార్డియాక్ అనస్థీషియా డాక్టర్‌నని బోర్డు మీద రాసుకున్నాక, ఆ విద్య తెలిసిన మామూలు స్థాయి డాక్టర్ ఏం చేస్తాడో దానితోనే పోలుస్తారు. దేశంలోకెల్లా గొప్పవాడితో పోల్చరు, మామూలు సిజేరియన్లు చేసే మత్తు డాక్టర్‌తోనూ పోల్చరు. "మాది వరంగల్, హైదరాబాద్‌లో ఉన్న సామాన్లు మా దగ్గర లేవు" అన్న మాట ఒక హద్దు వరకే పనిచేస్తుంది. అర్ధరాత్రి ప్రాణం మీదికి వచ్చిన కేసులో ఆ మాట వింటారు. పది రోజుల ముందు తేదీ ఇచ్చిన కేసులో మాత్రం, లేదని తెలిసీ ఎందుకు మొదలుపెట్టారు, నూట నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కు ఎందుకు పంపలేదు అని అడుగుతారు.

ఆసుపత్రి చూసుకుంటుంది అన్న మాట గురించి. 2004లో సవితా గార్గ్ కేసులో, డాక్టర్ పర్మనెంటా, విజిటింగా అన్నదానితో పని లేకుండా ఆసుపత్రి జవాబు చెప్పుకోవాలని సుప్రీంకోర్టు అంది. కాబట్టి ఆసుపత్రి ఎటూ తప్పించుకోలేదు. అంతమాత్రాన మీరు తప్పుకున్నట్టు కాదు. ఫిర్యాదులో సర్జన్ పేరు పక్కన మీ పేరూ ఉంటుంది. ఆసుపత్రి వకీలు చేసే మొదటి పని, తప్పు మాది కాదు, బయటి నుంచి వచ్చిన మత్తు డాక్టర్‌ది అనడం. సర్జన్ ఎంత పెద్దాయన అయినా సరే, గొట్టం, మందు, ఊపిరి, రక్తపోటు మీ బాధ్యతే. "సార్ చెప్పారు, అందుకే చేశాను" అన్నది మన విషయంలో జవాబు కిందికి రాదు.

ఇక కన్సెంట్. 2008లో సమీరా కోహ్లీ కేసులో, పేషెంట్‌కు అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నదే కన్సెంట్ అనీ, ఒకదానికి ఇచ్చిన ఒప్పుదల ఇంకోదానికి చెల్లదనీ కోర్టు అంది. ప్రాణాపాయంలో మాత్రమే మినహాయింపు. కాబట్టి మత్తుకు వేరే కాగితం, వేరే మాట, మీ నోటితో, మీ సంతకంతో ఉండాలి. నేను దీన్ని కోర్టు భయంతో చెప్పడం లేదు. పోయిన ఏడాది జరిగింది ఒకటి చెప్తాను.

మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన ముప్పై ఒక్కేళ్ల ఆమె. చిన్నప్పటి కీళ్ల జ్వరంతో గుండెలోని మైట్రల్ వాల్వ్ సన్నబడిపోయింది. మన ప్రాంతంలో ఈ జబ్బు ఇంకా పోలేదు, మీరూ చూస్తారు. నేను వెళ్లేసరికే భర్త సంతకం పెట్టేసి ఉన్నాడు. ఆమె చేత కూడా వేలిముద్ర వేయించారు. ఆమెకు తెలుగు వచ్చు, కానీ లోపలి మాట చెప్పుకునేంత రాదు. లంబాడీ తెలిసిన నర్సమ్మను పిలిచి మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చున్నాను. గొట్టం వేస్తాం, లేచాక కూడా నోట్లో ఉంటుంది, మాట రాదు, భయపడొద్దు అని చెప్పించాను. మెడలో సూది వేస్తామని, రక్తం ఎక్కించాల్సి రావచ్చని, ఎప్పుడైనా ఒకరికి పక్షవాతం రావచ్చని, ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉందని చెప్పించాను. ఆమె అంతా విని, "మధ్యల తెలివొస్తదా?" అని అడిగింది. అది చాలా సరైన ప్రశ్న. గుండె ఆపరేషన్లలో ఆ ప్రమాదం మిగతా ఆపరేషన్ల కంటే ఎక్కువ. రాకుండా ఏం చేస్తామో చెప్పాను. లేచి వస్తుంటే నర్సమ్మతో ఇంకేదో అంది. రక్తం పలచబడే మాత్ర నిన్న రాత్రి కూడా వేసుకుందట. ఆపమని చీటీ మీద రాసి ఇచ్చారు, కానీ ఇంట్లో చదివేవాళ్లు లేరు. గుండెకు మందు ఆపితే ఏమన్నా అవుతుందని ఆమె వేసుకుంటూనే ఉంది. కేస్ షీట్‌లో మాత్రం "ఎసిట్రోమ్ (ఆ మాత్ర పేరే) ఆపారు" అని ఉంది. వెంటనే రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి కేసు వాయిదా వేశాం.

ఆ పది నిమిషాలు స్టూల్ మీద కూర్చోకపోతే ఆ రక్తస్రావం ఓటీలో నా చేతుల్లో జరిగేది. అందుకే చెప్తున్నాను, కన్సెంట్‌ను ఇంకొకరికి వదలకండి. కాగితం తెలుగులో ఉండాలి. కోయ, లంబాడీ మాట్లాడేవాళ్లయితే ఎవరు తర్జుమా చేశారో పేరు రాయండి. పేషెంట్ అడిగిన ప్రశ్న ఒకటైనా ఆమె మాటల్లోనే రాసి పెట్టండి. అచ్చు వేసిన ఫారం ఎవరైనా నింపుతారు. "తెలివొస్తదా అని అడిగింది, వివరించాను" అన్న వాక్యం ఆ మంచం దగ్గర కూర్చున్నవాళ్లే రాయగలరు.

ఇప్పుడు మిమ్మల్ని అడిగినవాటిలో అన్నిటికన్నా ప్రమాదమైనది, పంప్ మీద ఉన్నప్పుడు పక్క ఓటీకి వెళ్లడం. ఒక కేసులో అభిప్రాయం కోసం కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. ఊరు, ఆసుపత్రి పేరు చెప్పను. వాల్వ్ ఆపరేషన్ తర్వాత పేషెంట్‌కు తెలివి రాలేదు. వాల్వ్ మీది సున్నం ముక్క మెదడుకు పోయి ఉండవచ్చు. ఎంత జాగ్రత్తగా చేసినా జరిగేదే అది. అందులో మత్తు డాక్టర్ తప్పు లేకపోవచ్చు కూడా. కానీ అనస్థీషియా చార్ట్‌లో 11:20 తర్వాత 12:05 దాకా ఒక్క అంకె లేదు. పక్క ఓటీ రిజిస్టర్‌లో 11:30 సిజేరియన్ ఎదురుగా అదే డాక్టర్ పేరు, అదే సంతకం. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఇక సున్నం ముక్క గురించి నేను ఏం చెప్పినా ఎవరికి ఎక్కుతుంది? ఆ నలభై అయిదు నిమిషాల్లో రక్తపోటు పడిపోలేదని చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు. నిపుణుల సాక్ష్యం ప్రతి కేసులోనూ అక్కర్లేదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు అన్నది ఇలాంటి చోటనే గుర్తొస్తుంది. తప్పు కళ్లకు కట్టినట్టు ఉంటే దాన్ని వివరించడానికి ఇంకో డాక్టర్ రానక్కర్లేదు.

అసలు పంప్ సమయం ఖాళీ సమయమే కాదు. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ కిలోకు 300 నుంచి 400 యూనిట్లు, సెంట్రల్ లైన్‌లో (మెడలోని పెద్ద సిరలో వేసిన గొట్టంలో) రక్తం వెనక్కి వస్తోందని చూసుకుని ఇస్తాం. ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) 480 సెకన్లు దాటిందని అంకె గట్టిగా చెప్పి, పంప్ నడిపే పర్ఫ్యూజనిస్ట్ తిరిగి అదే అంకె అన్నాకే పంప్ మీదికి వెళ్లాలి. ఆ తర్వాత అరగంటకోసారి మళ్లీ ఏసీటీ, పొటాషియం, షుగర్, యూరిన్, రక్తపోటు. మత్తు ఆవిరి ఊపిరితిత్తుల దారిలో పోవడం ఆగిపోయింది కాబట్టి పంప్‌లోని ఆక్సిజనేటర్ ద్వారా పోతోందా, లేకపోతే సిరంజి పంప్ నడుస్తోందా అని చూడాలి. శరీరాన్ని మళ్లీ వేడి చేసే వేళ తెలివి వచ్చే ప్రమాదం ఎక్కువ. అప్పుడు అక్కడ మనిషి ఉండాలి. పర్ఫ్యూజనిస్ట్ ఎంత మంచివాడైనా ఆయన చేతుల్లో ఆయన పనే సరిపోతుంది.

పంప్ దిగే వేళ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. పంప్ మీద వెంటిలేటర్ ఆపుతాం, గోల తగ్గాలని అలారాలు కూడా ఆపుతాం. గంటన్నర ముందు మనమే ఆపినవి అవి. గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలవగానే అందరి చూపూ దాని మీదికి పోతుంది. వెంటిలేటర్ ఆన్ చేయకుండా పంప్ దిగడం అన్నది ఈ పనిలో పాత ఉచ్చు. తెలివిగల డాక్టర్లే అందులో పడ్డారు. నేను ఏం చేస్తానంటే, పర్ఫ్యూజనిస్ట్ క్లాంప్ పెట్టే ముందు మెషీన్ మీద చెయ్యి వేసి పైకి చెప్తాను: "వెంటిలేటర్ ఆన్, ఆక్సిజన్ నూరు శాతం, ఛాతీ లేస్తోంది, కార్బన్ డయాక్సైడ్ గీత వస్తోంది, అలారాలు ఆన్." ఆ మాట పూర్తయ్యేదాకా మా పర్ఫ్యూజనిస్ట్ పంప్ తగ్గించడు. అతనికి అలా నేర్పాను. హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమైన్ ఇచ్చేటప్పుడు కూడా అంతే. మొదలుపెడుతున్నానని గట్టిగా చెప్పాలి, సక్షన్ పంప్‌లోకి పోవడం ఆపించాలి, పది నిమిషాలకు తగ్గకుండా మెల్లగా ఇవ్వాలి. ఒక్కసారిగా పోస్తే రక్తపోటు పాతాళానికి పోయిన కేసులు ఉన్నాయి.

ఛాతీ కేసులు మీకు ఎక్కువే వస్తాయి. టీబీ తగ్గి, ఊపిరితిత్తిలో గుంత మిగిలి, అందులో ఫంగస్ ఉండకట్టి, రక్తం కక్కుతూ వచ్చేవాళ్లు భూపాలపల్లి, ములుగు వైపు నుంచి మాకు ఇప్పటికీ వస్తున్నారు. వాళ్లలో రెండు ఊపిరితిత్తులను వేరు చేయడమే ప్రాణం. రక్తం మంచి ఊపిరితిత్తిలోకి పోతే గుటుక్కున మునిగిపోతుంది. కుడి వైపు పై భాగానికి పోయే గొట్టం చాలా దగ్గర్లోనే చీలుతుంది కాబట్టి మామూలుగా ఎడమ వైపు డబుల్ ల్యూమెన్ ట్యూబే (రెండు ఊపిరితిత్తులకూ వేరువేరు దారులున్న గొట్టం) వేస్తాం. వేశాక స్టెతస్కోప్‌తో విని ఊరుకోకండి, బ్రాంకోస్కోప్‌తో (కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో) చూడండి. పేషెంట్‌ను పక్కకు తిప్పాక మళ్లీ చూడండి. తిప్పేటప్పుడే అది కదులుతుంది. ఆ రెండుసార్లూ టైము వేసి చార్ట్‌లో రాయండి. ఆ సన్నటి స్కోప్ ఆసుపత్రిలో లేకపోతే కొనేదాకా ఛాతీ కేసు ఒప్పుకోవద్దు. ఒక ఊపిరితిత్తి మీద నడిపేటప్పుడు ఒక్కో ఊపిరికి కిలోకు 4 నుంచి 6 ఎంఎల్ గాలి చాలు. ఆక్సిజన్ పడిపోతే నూరు శాతం ఇవ్వండి, ట్యూబ్ చూడండి, గాలి ఆపిన పై ఊపిరితిత్తికి సీప్యాప్ (కొద్దిపాటి ఒత్తిడితో ఆక్సిజన్) పెట్టండి, అప్పటికీ సర్దుకోకపోతే సర్జన్‌ను ఆపమని చెప్పి రెండూ నింపండి. "సర్జన్‌కు చెప్పాను" అని రాసేటప్పుడు ఏ టైముకు చెప్పారో కూడా రాయండి.

నొప్పికి వీపులో ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గరికి మందు పోయే సన్నటి గొట్టం) వేస్తే దాని లెక్క ఓటీతో అయిపోదు. వేశాక హెపారిన్ ఇవ్వాల్సి వస్తే కనీసం గంట ఆగాలి. రాత్రి వార్డులో కాళ్లు కదలడం లేదని పేషెంట్ అంటే, మందు ప్రభావంలే అని పొద్దుటిదాకా ఆగకూడదు. మందు ఆపాలి, మిమ్మల్ని లేపాలి, ఎంఆర్ఐకి పంపాలి. వెన్నులో రక్తం గడ్డకట్టి ఉంటే గంటలు గడిచేకొద్దీ కాళ్లు తిరిగి వచ్చే ఆశ సన్నగిల్లుతుంది. నైట్ డ్యూటీ నర్సుకు ఇది మీరే చెప్పాలి, షీట్ మీద పెద్ద అక్షరాలతో రాయాలి.

చిన్నవిగా కనిపించేవి త్వరగా చెప్పేస్తాను. సెంట్రల్ లైన్ వేశాక "వైర్ బయటికొచ్చింది" అని పైకి చెప్పి నర్సుకు చూపించండి. లోపల మిగిలిన వైర్‌కు ఏ కోర్టులోనూ జవాబు లేదు. ప్రతి సిరంజికీ పేరు, మోతాదు రాసిన లేబుల్ ఉండాలి. పొటాషియం ట్రేలో వేరుగా ఉండాలి. రక్తం సంచీ ఇద్దరు చదవాలి. చేతులు, మోచేతులు, కళ్లు ఎలా ఉంచారో ఒక లైన్ రాయండి, గంటల తరబడి ఆపరేషన్ తర్వాత చేతి తిమ్మిరి మీద కూడా ఫిర్యాదులు వస్తాయి.

రాతలో ఒకే నియమం. ఏది ఎప్పుడు జరిగిందో అప్పుడే రాయండి. ఎమర్జెన్సీలో కుదరకపోతే తర్వాత రాసి "ఇది ఫలానా టైముకు రాశాను" అని రాయండి, అది తప్పు కాదు. కొట్టేయాల్సి వస్తే కింది అక్షరాలు కనిపించేలా ఒక గీత, పక్కన సంతకం, టైము. దిద్దినట్టు దొరికిన షీట్, అసలు తప్పు కంటే ఎక్కువ చెడ్డ పేరు తెస్తుంది. మానిటర్‌లోని ట్రెండ్ చెరిగిపోకముందే ప్రింట్ తీయించండి. 2002 నాటి కౌన్సిల్ నిబంధనల ప్రకారం రికార్డులు మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లోపు ఇవ్వాలి. కేసులు నడిచే తీరు చూస్తే అంతకన్నా ఎక్కువ కాలం ఉంచడం మేలు.

ఏదైనా జరగకూడనిది జరిగితే, పేషెంట్ తాలూకు వాళ్లు ఆ మాట వార్డ్ బాయ్ నోట వినకూడదు. ఊరి నుంచి రెండు ఆటోల్లో జనం వచ్చేలోపే, సర్జన్‌తో కలిసి మీరూ వెళ్లండి. గది తలుపు వేసి, కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏం జరిగిందో ఇంకా తెలియకపోతే తెలియదనే చెప్పండి. పోస్టుమార్టం అడిగే హక్కు వాళ్లకుందని మీరే చెప్పండి. గేటు దగ్గర పెద్దమనుషుల పంచాయితీలో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆసుపత్రి మీద, సిబ్బంది మీద దాడికి శిక్ష వేసే చట్టం మనకు 2008 నుంచి ఉంది. అది అవసరమైతే వాడాలి. కానీ వాళ్ల ఇంటి మనిషి పోయాడన్నది మరవకుండా మాట్లాడిన చోట ఆ చట్టం వరకు వెళ్లాల్సిన అవసరం నాకు చాలా తక్కువసార్లు వచ్చింది.

మీ సొంత ఇండెమ్నిటీ పాలసీ (ఇలాంటి కేసుల్లో పరిహారం కట్టే బీమా) తీసుకోండి, ఆసుపత్రిది ఉన్నా సరే. ఇవి ఆపరేషన్ జరిగిన ఏడాదిని బట్టి కాదు, క్లెయిమ్ వచ్చిన ఏడాదిని బట్టి పనిచేస్తాయి. కాబట్టి మధ్యలో రెన్యువల్ ఆపితే వెనకటి కేసులకు రక్షణ పోతుంది. ఏ తేదీ నుంచి వర్తిస్తుందో కాగితంలో చూసుకోండి.

ఆసుపత్రికి ఒక మెయిల్ పెట్టండి. ఏసీటీ మెషీన్, బ్లడ్ గ్యాస్ మెషీన్, ఇంటర్నల్ పాడిల్స్ ఉన్న డిఫిబ్రిలేటర్, పేస్‌మేకర్ బాక్స్, సన్నటి బ్రాంకోస్కోప్, బ్లడ్ బ్యాంక్ ఏర్పాటు, రాత్రి ఐసీయూలో ఉండే డాక్టర్ ఎవరు, ఇవన్నీ ఉన్నాయని జవాబు వచ్చాకే మొదటి తేదీ ఇవ్వండి. కేసు ఉన్న పూట వేరే ఓటీలో నా పేరు వేయవద్దని కూడా అందులోనే రాయండి. ఇక వాళ్లు ఇచ్చే ఒప్పంద పత్రంలో "వైద్యపరమైన క్లెయిములన్నీ కన్సల్టెంటే భరించాలి" అన్న వాక్యం ఎక్కడో చివరి పేజీలో ఉండే అవకాశం ఉంది. సంతకం పెట్టే ముందు దాన్ని కొట్టేయమని అడగండి. కొట్టేయకపోతే హనుమకొండలో ఈ పని చేసే వకీలు ఒకరికి చూపించి, ఆ తర్వాతే వాళ్లకు జవాబు చెప్పండి.